రాటర్‌డ్యామ్‌కి ఒక ద్రాక్ష, మోండా మార్కెట్‌కి ఒక ద్రాక్ష

మన పత్రికలో కవితలు ఎక్కువ, కథలు కొన్ని, వాదనలు తక్కువ. ఈసారి వాదన రాస్తానని మాటిచ్చాను, అదీ ద్రాక్ష మీద. విషయం చెప్పగానే మా రూమ్మేట్ "ప్లేస్‌మెంట్స్ సీజన్‌లో ద్రాక్ష ఏంట్రా?" అన్నాడు. వాడిది సోలాపూర్. అక్కడ స్థిరపడ్డ తెలుగు పద్మశాలీ కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. సోలాపూర్ చుట్టూ ద్రాక్ష తోటలే కాబట్టి వాడికి ఇది వింత కాదు. మనకే వింత. అయితే మన హైదరాబాద్ కూడా ఒకప్పుడు ద్రాక్ష ఊరే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ప్రపంచ మార్కెట్లో మన ద్రాక్ష వెనకబడటానికి కారణం ధర కాదు. మనం ఇప్పటికే చౌకగా అమ్ముతున్నాం. మన దగ్గర లేనివి కొత్త రకాలు. కష్టపడి సంపాదించుకున్నది నమ్మకం. ఆ నమ్మకాన్ని కూడా బయటివాడి కోసమే కట్టుకున్నాం, ఇంట్లోవాళ్ళకి ఇవ్వలేదు. నాకు కోపం ఈ ఆఖరి మాట మీద.

ముందు లెక్కలు. ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా ప్రకారం 2023-24లో మన దేశం 3,43,982 టన్నుల తాజా ద్రాక్షను బయటికి పంపింది. విలువ 3,460 కోట్ల రూపాయలు, డాలర్లలో 41.7 కోట్లు. భాగహారం చేస్తే కిలో వంద రూపాయలు. రైతు చేతికి వచ్చే వంద కాదిది. ప్యాకింగ్, కూలింగ్, రవాణా, మధ్యవర్తి అన్నీ అందులోనే. పండించే దాంట్లో పదో వంతు మాత్రమే దేశం దాటుతుంది. నెదర్లాండ్స్, రష్యా, బ్రిటన్, బంగ్లాదేశ్, జర్మనీ, యూఏఈ ముఖ్యమైన కొనుగోలుదారులు.

ఇప్పుడు పెరూ సంగతి. ఈ శతాబ్దం మొదట్లో ద్రాక్ష ఎగుమతిదారుల జాబితాలో పెరూ పేరు వెతికితే గానీ కనపడేది కాదు. ఈ మధ్య చిలీని దాటేసి విలువలో మొదటి స్థానానికి వచ్చింది. ఏడాదికి 150 కోట్ల డాలర్ల పైమాటే. కిలోకి వాళ్ళకి వచ్చేది మనకి వచ్చేదానికి రెట్టింపు కన్నా ఎక్కువ. "చౌకగా ఇస్తే ఎవరైనా కొంటారు" అనే సూత్రం నిజమైతే ఇది తలకిందులుగా ఉండాలి కదా. ఖరీదుగా అమ్మేవాడు ముందుకెళ్ళాడు, చౌకగా అమ్మేవాళ్ళం మనం వెనకున్నాం.

ఎందుకో అర్థం కావాలంటే ద్రాక్ష గురించి రెండు విషయాలు తెలియాలి. ఒకటి, మామిడిలా ద్రాక్ష కోశాక పండదు. తీగ మీద ఎంత తీపి ఎక్కిందో అంతే, కత్తెర పడ్డాక ఇక దిగజారటమే. అందుకే కోసిన కొన్ని గంటల్లోనే చల్లటి గాలి బలంగా పంపి పండులోని వేడి తీసేస్తారు. తర్వాత సున్నా డిగ్రీల దగ్గర కంటైనర్లో ప్రయాణం. డబ్బా లోపల సల్ఫర్ డయాక్సైడ్ మెల్లగా వదిలే కాగితపు ప్యాడ్ ఒకటి పెడతారు, బూజు పట్టకుండా. మెకానికల్ వాళ్ళూ కెమికల్ వాళ్ళూ గర్వపడొచ్చు, ఒక గుత్తి నాసిక్ నుంచి రాటర్‌డ్యామ్ చేరటం వెనక మీ సిలబస్ సగం ఉంది.

రెండోది, ద్రాక్ష చలిదేశపు తీగ. చలికాలం ఆకు రాల్చి నిద్రపోవటం దాని అలవాటు. మన దగ్గర దానికి నిద్ర పట్టదు. అందుకని మనవాళ్ళు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్లో ఒకసారి కొమ్మ కోసం, అక్టోబర్లో ఒకసారి కాయ కోసం. మొగ్గ పగలటానికి హైడ్రోజన్ సయనమైడ్ పూస్తారు, కాయ సాగటానికి జిబ్బరెల్లిక్ ఆమ్లంలో ముంచుతారు. ఇంత చేస్తే జనవరి నుంచి ఏప్రిల్ దాకా పంట. యూరప్‌లో అప్పుడు సొంత ద్రాక్ష ఉండదు. దక్షిణార్ధగోళం వాళ్ళు, అంటే పెరూ, చిలీ, దక్షిణాఫ్రికా సీజన్ చివరికొస్తుంటారు. మే నెలలో ఈజిప్టు మొదలవుతుంది. వీళ్ళు వెళ్తూ వాళ్ళు వస్తూ ఉండగా మధ్యలో దొరికే సందు మనది. ఈ కొన్ని వారాల మీదే నాసిక్ జిల్లా బతుకు ఆధారపడి ఉంది.

ఆ సందులో 2010లో ఒక పెద్ద దెబ్బ తగిలింది.

ఆ ఏడు మన కంటైనర్లు యూరప్ రేవులకు చేరాక అక్కడి ప్రయోగశాలలు క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అనే రసాయనం అవశేషాలు పరిమితికి మించి ఉన్నాయని పట్టుకున్నాయి. తీగ విపరీతంగా పెరగకుండా ఆపి, కాయ వైపు మళ్ళించటానికి రైతులు వాడే మందు అది. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత కొట్టింది మరుసటి ఏడు పండులో కనపడింది, తీగ దాన్ని అంతకాలం దాచుకుంది. పరిమితి ఎంతో తెలుసా? కిలోకి 0.05 మిల్లీగ్రాములు. అంటే 20 టన్నుల పండులో ఒక గ్రాము. మనవాళ్ళు పరీక్ష చేయించకుండా పంపారా అంటే, చేయించారు. ప్రతి సరుకూ ల్యాబ్‌లో పాసయ్యే బయల్దేరింది. కానీ మన ల్యాబులు వెతకాల్సిన రసాయనాల జాబితాలో ఆ పేరే లేదు! టెస్ట్ కేసులన్నీ పాసై ప్రొడక్షన్‌లో క్రాష్ అవటం అంటే ఇదే. కోడ్ రాసేవాళ్ళకి ఈ బాధ అర్థమవుతుంది. తేడా ఏంటంటే మనకి రోల్‌బ్యాక్ ఉంటుంది, రేవులో కుళ్ళే ద్రాక్షకి ఉండదు.

రైతుల మీద, ఎగుమతిదారుల మీద పడ్డ నష్టం సంగతి ఒక ఎత్తు. నిబంధనల ప్రకారం అన్నీ చేసినవాడే మునిగిపోవటం ఇంకో ఎత్తు. మందు కొట్టొద్దని ఎవరూ చెప్పలేదు, వెతకమని ల్యాబుకి ఎవరూ చెప్పలేదు, బిల్లు మాత్రం తోట వాడికి వచ్చింది. భీమవరం వైపు మిత్రులకి ఈ కథ ఎక్కడో విన్నట్టు ఉండాలి. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాల గొడవ ఇదే బాపతు. మన చెరువుల సరుకు మీద యూరప్ తనిఖీల శాతం 2016లో 10 నుంచి 50కి పెంచింది. ఒకసారి పోయిన పేరు తిరిగి రావటానికి ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళకి వడ్డీ కట్టేది చెరువు రైతే.

అయితే ద్రాక్షలో మనవాళ్ళు చేసిన మంచి పని కూడా చెప్పాలి. 2003లోనే ఒకసారి పురుగుమందుల అవశేషాల గొడవ వచ్చి, అప్పుడే అవశేషాల మీద నిఘా పద్ధతి మొదలైంది. 2006లో అపెడా గ్రేప్‌నెట్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. పని చేసే తీరు చాలా సింపుల్. యూరప్‌కి పంపాలనుకునే ప్రతి తోటకీ ఒక నంబరు. రాష్ట్ర ఉద్యానశాఖ దగ్గర రిజిస్ట్రేషన్. కోతకి ముందు ల్యాబు మనిషే తోటకొచ్చి శాంపిల్ తీసుకెళ్తాడు. ఫెయిలైతే ఆ తోట నంబరు మీద హెచ్చరిక పడుతుంది, ఆ సరుకు యూరప్ దారిలో ముందుకి కదలదు. పాసైతే ప్యాక్‌హౌస్, అగ్‌మార్క్, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, కంటైనర్ అన్నీ అదే నంబరు వెంట నడుస్తాయి. రాటర్‌డ్యామ్‌లో ఒక డబ్బాలో తేడా వస్తే వెనక్కి తవ్వుకుంటూ పోయి ఏ ఊళ్ళో ఏ తోటో చెప్పేయొచ్చు. పుణె దగ్గర మంజరిలో ఉన్న జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం ల్యాబులన్నిటికీ పెద్దన్న. 2010 దెబ్బ తర్వాత ఆ జాబితాలోకి క్లోర్‌మెక్వాట్ కూడా చేరింది.

బ్లాక్‌చెయిన్ అనే మాట హాకథాన్లలో వినపడక ముందే మనవాళ్ళు మామూలు డేటాబేస్‌తో ఈ పని చేసి చూపించారు. ప్రతి ఏడూ మన కాలేజీ ఫెస్ట్‌లో కనీసం రెండు టీములు "రైతు నుంచి వినియోగదారుడి దాకా ట్రేసబిలిటీ" అని పోస్టర్ పెడతాయి. ఒక్కదాంట్లోనూ గ్రేప్‌నెట్ పేరు చూడలేదు నేను.

నమ్మకం సమస్య ఇలా కొంత తీరింది. రకం సమస్య తీరలేదు.

మనం ప్రధానంగా అమ్ముతున్నది థాంప్సన్ సీడ్‌లెస్, దాని పిల్లలు. థాంప్సన్ అనే ఆయన కాలిఫోర్నియాలో దీన్ని పెంచింది 1870లలో. తీగ అంతకన్నా చాలా పాతది, పశ్చిమాసియా కిష్‌మిష్ అదే. మన తాస్-ఎ-గణేశ్, సోనాకా కూడా అందులోంచి పుట్టినవే. సోనాకాని గుర్తించింది శాస్త్రవేత్త కాదు, సోలాపూర్ జిల్లా నన్నజ్ ఊరి రైతు నానాసాహెబ్ కాళే. తన తోటలో ఒక తీగకి కాయ పొడుగ్గా వస్తోందని గమనించి దాన్నే పెంచాడు. మా రూమ్మేట్ ఈ ఒక్క విషయం మీద రాత్రంతా మాట్లాడగలడు. గొప్ప పనే, కాదనను. కానీ రైతు కంటికి ఆనే మార్పు ఎంత గొప్పదైనా థాంప్సన్ గీత దాటదు. ఎర్ర రకం కావాలన్నా, కొరికితే కరకరలాడాలన్నా, హార్మోన్లో ముంచకుండానే కాయ పెద్దది కావాలన్నా, నలభై రోజులు కంటైనర్లో ఉన్నా తొడిమె పచ్చగా ఉండాలన్నా కొత్తగా సంకరం చేయాలి.

పెరూ గెలిచింది అక్కడే. ముందు వాళ్ళు గింజలున్న రెడ్ గ్లోబ్ అమ్మేవాళ్ళు. తర్వాత తోటలు పీకేసి స్వీట్ గ్లోబ్, ఆటమ్ క్రిస్ప్ లాంటి లైసెన్స్ రకాలు వేశారు. రీల్స్‌లో మీరు చూసే కాటన్ క్యాండీ ద్రాక్ష కూడా ఆ బాపతే. వీటికి సొంతదారులు కొన్ని ప్రైవేటు బ్రీడింగ్ కంపెనీలు. వేసుకోవాలంటే రాయల్టీ కట్టాలి, ఎవరు పండించాలో ఎవరు అమ్మాలో కూడా వాళ్ళే చెబుతారు. విత్తనం కాదు, చిన్న కొమ్మ ముక్క నాటితే చాలు ద్రాక్ష వస్తుంది. కాబట్టి ఆ కంపెనీల భయమంతా కొమ్మ గోడ దూకుతుందనే.

ఆ భయంతోనే చాలాకాలం మన దేశం వైపు చూడలేదు. మొక్కల రకాల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం యుపోవ్‌లో మనం సభ్యులం కాదు. మనకి 2001 నాటి సొంత చట్టం ఉంది. అందులో రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, ఇరుగుపొరుగుతో పంచుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు. ఎగుమతి వ్యాపారులు కొందరు "ఈ చట్టం వల్లే మనకి కొత్త రకాలు రావట్లేదు, యుపోవ్‌లో చేరిపోదాం" అంటారు. నాకు ఇది మింగుడు పడదు. ద్రాక్ష ఎగుమతి చేసే కొన్ని వేలమంది కోసం వరి, కంది, జొన్న వేసే కోట్లమంది హక్కు తాకట్టు పెట్టటం ఏ లెక్కలో న్యాయం?

అటు హక్కులు పట్టించుకోకపోతే ఏమవుతుందో కూడా చూడాలి. జపాన్ ప్రభుత్వ సంస్థ ఏళ్ళ తరబడి శ్రమించి షైన్ మస్కట్ అనే రకం తయారు చేసింది, 2006లో సొంత దేశంలో నమోదు చేసుకుంది. విదేశాల్లో నమోదు చేసుకోవటానికి ఉన్న గడువు మాత్రం వదిలేసింది. ఇప్పుడు ఆ రకం చైనాలో, కొరియాలో ఎవరికీ పైసా కట్టకుండా పండుతోంది, జపాన్ ద్రాక్షతోనే పోటీ పడుతోంది. అంటే కాగితం పని కూడా పనే.

మధ్యదారి లేదా? ఉంది, పాతదే. ఫ్లేమ్ సీడ్‌లెస్ 1973లో, క్రిమ్సన్ సీడ్‌లెస్ 1989లో అమెరికా వ్యవసాయ శాఖ ప్రజాధనంతో తయారు చేసి విడుదల చేసిన రకాలు. క్రిమ్సన్ ఇవాళ నాసిక్‌లోనూ పండుతోంది. మన మంజరి కేంద్రం కూడా మంజరి నవీన్, మంజరి శ్యామా, రసం కోసం మంజరి మేడికా లాంటివి తెచ్చింది. దారి సరైనదే, నడక వేగమే చాలదు. గింజలేని రెండు రకాలని సంకరం చేయటం ఆషామాషీ కాదు. గింజలేదంటే అసలు పిండమే పుట్టదని కాదు, పుట్టి మధ్యలో ఆగిపోతుంది. అది చచ్చేలోపు కాయలోంచి తీసి గాజు సీసాలో పెంచాలి. అలా పెరిగిన మొక్క కాయ కాయటానికి ఏళ్ళు, వేల మొక్కల్లోంచి ఒకటి ఎంచటానికి మరిన్ని ఏళ్ళు. ప్రభుత్వాలు అయిదేళ్ళకోసారి మారతాయి, బడ్జెట్లు ఏటా మారతాయి, ద్రాక్ష మొక్క ఎవరి కోసమూ తొందరపడదు. ఎగుమతుల మీద సబ్సిడీ అడిగేవాళ్ళు ఆ డబ్బులో సగం సంకరాల ల్యాబులకి అడిగితే నేను జెండా పట్టుకుని వెనక నడుస్తాను.

ఈలోగా మొహాడిలోని సహ్యాద్రి ఫార్మ్స్ ఇంకో తలుపు తట్టింది. అది రైతుల సొంత కంపెనీ. ఇజ్రాయెల్‌కి చెందిన గ్రాపా నుంచి ఆరా రకాల లైసెన్స్ తెచ్చుకుంది. చిన్న రైతు ఒక్కడే వెళ్తే ఏ బ్రీడరూ మాట్లాడడు. వేలమంది కలిసి కంపెనీగా వెళ్తే ఒప్పందం కుదిరింది. చట్టం మార్చకుండానే.

సుంకాల గురించి రెండు ముక్కలు. యూరప్‌లో మన ద్రాక్షకి సుమారు 8 శాతం సుంకం పడుతూ వచ్చింది, చిలీ, పెరూ, దక్షిణాఫ్రికాలకి ఒప్పందాల వల్ల సున్నా. బంగ్లాదేశ్ సుంకం పెంచినప్పుడల్లా సాంగ్లీ వైపు ధర పడుతుంది. ఇవి ముఖ్యమే, కానీ రెట్టింపు ధర తేడాని 8 శాతం సుంకం వివరించలేదు. ఎర్రసముద్రం గొడవ కూడా అంతే. 2023 చివర్లో ఓడల మీద దాడులు మొదలయ్యాక కంటైనర్లు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చింది, రెండు వారాల దాకా అదనం. పాత రకం ద్రాక్షకి ఆ రెండు వారాలు ప్రాణాంతకం. గట్టి రకం ఉంటే తట్టుకునేది. మళ్ళీ రకం దగ్గరికే వస్తున్నాం.

అలాగని పెరూని నెత్తిన పెట్టుకోమని నేను అనటం లేదు. వాళ్ళ తీరం ఎడారి. వాన పడదు కాబట్టి బూజు తెగులు బెడద తక్కువ, నీళ్ళు ఎంత కావాలో అంతే డ్రిప్‌లో ఇస్తారు. బాగానే ఉంది. ఆ నీళ్ళు ఎక్కడివి? ఇకా లోయలో భూగర్భజలం ఏళ్ళుగా పడిపోతోంది. 2020 చివర్లో అదే ఇకాలో వ్యవసాయ కూలీలు జీతాల కోసం పాన్ అమెరికన్ హైవే మీద బైఠాయించారు. కంపెనీలకి అనుకూలంగా ఉన్న ఇరవై ఏళ్ళ నాటి వ్యవసాయ చట్టాన్ని పార్లమెంటు రద్దు చేయాల్సి వచ్చింది. గ్రాఫులో పైకి వెళ్ళే గీత చూసి మురిసిపోయేటప్పుడు ఆ గీత కింద ఎవరున్నారో కూడా చూడాలి.

నీళ్ళు అంటే హైదరాబాద్ గుర్తొచ్చింది. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనే ఆయన ఇక్కడికి ఒక తీగ తెచ్చాడు. అనబ్-ఎ-షాహి, రాజుల ద్రాక్ష. పెద్ద పెద్ద గుత్తులు, లేత రంగు కాయలు. నగరం చుట్టూ పందిళ్ళు వేసి పండించారు, దిగుబడిలో ప్రపంచం నోరెళ్ళబెట్టేలా పండించారు. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఇప్పటికీ ఉంది. మా సీనియర్ ఒకరి తాతగారికి శామీర్‌పేట వైపు తోట ఉండేదట. ఇప్పుడు అక్కడ గేటెడ్ కమ్యూనిటీ, పేరులో మాత్రం "వైన్‌యార్డ్" ఉంది. గింజలున్న కాయ కావటం, బోర్లు ఎండటం, బూజు తెగులు, కూలీ ఖర్చు, అన్నిటికీ మించి ఎకరం ధర. ఏ తీగా రియల్ ఎస్టేట్ కన్నా ఎక్కువ కాయదు. ద్రాక్ష మహారాష్ట్రకి పోయింది, మనం తినేవాళ్ళుగా మిగిలాం.

తినేవాళ్ళుగా మన హక్కు ఏంటి? ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కి వెళ్ళి ఒక కిలో కొనండి. అది ఏ తోటదో అమ్మేవాడికి తెలీదు, వాడికి వేసిన కమీషన్ ఏజెంటుకీ తెలీదు. పరిమితులు నిర్ణయించే ఎఫ్ఎస్ఎస్ఏఐ మనకీ ఉంది, అక్కడక్కడా శాంపిల్స్ తీసే పథకమూ ఉంది. లేనిది ఆ తోట నంబరు. శాంపిల్ ఫెయిలైందనుకుందాం, వెనక్కి వెళ్ళే దారి ఎక్కడ? అదే నాసిక్, అదే రైతు, ఒక్కోసారి పక్కపక్క తోటలే. ఒక గుత్తి ప్రయాణం మొత్తం కంప్యూటర్లో ఉంటుంది, దాని చెల్లెలి ప్రయాణం ఎక్కడా ఉండదు. మా అమ్మ ద్రాక్షని ఉప్పునీళ్ళలో గంట నానబెట్టి గానీ ఇవ్వదు. క్లోర్‌మెక్వాట్ లాంటిది తీగ లోపలి నుంచి కాయలోకి వచ్చేదని, పైపైన కడిగితే పోదని ఆమెకి ఎలా చెప్పను?

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. ఖర్చు. ఎగుమతి సరుకు పదో వంతు కాబట్టి పరీక్షించగలుగుతున్నాం, మిగతా తొమ్మిది వంతులకి ల్యాబులేవీ, డబ్బేదీ అంటారు. ఒప్పుకుంటాను, ప్రతి తోటకీ పరీక్ష ఇవాళే కుదరదు. కానీ నంబరుకి ల్యాబు అక్కర్లేదు కదా. తోట రిజిస్ట్రేషన్, డబ్బా మీద ఒక కోడ్, మార్కెట్ యార్డులో స్కాన్. పరీక్ష వందలో ఒకదానికి చేసినా చాలు, ఏ ఒకటో ముందే తెలియదు కాబట్టి మిగతా తొంభై తొమ్మిదీ జాగ్రత్తగా ఉంటాయి. మన ఎగ్జామ్ హాలుకి స్క్వాడ్ రోజూ రాదు, అయినా పని చేస్తుంది.

ఇంకో జవాబు కూడా వస్తుంది. "మన జనం ధర చూస్తారు గానీ కోడ్ చూడరు" అని. ఇది నేను ఒప్పుకోను. చూడటానికి ఏదైనా పెడితే కదా చూసేది. పైగా ఇంట్లో నమ్మకంగా అమ్ముడయ్యే మార్కెట్ ఉంటే, రేపు ఇంకో 2010 వచ్చినా రైతుకి నిలబడే చోటు ఉంటుంది. ఇప్పుడైతే యూరప్ కాదన్న సరుకు ఎండుద్రాక్షగానో, సగం ధరకి లోకల్ మార్కెట్‌కో పోతుంది. అక్కడ కాదన్నది ఇక్కడ ఎలా అవుననిపించుకుంటుందో అడిగేవాళ్ళు లేరు.

సీఎస్ఈ, ఐటీ వాళ్ళకి ఒక మాట. వచ్చే ఫెస్ట్‌లో ట్రేసబిలిటీ పోస్టర్ పెట్టే టీము ఉంటే నన్ను కలవండి. బోయిన్‌పల్లి యార్డులో ఒక్క ఉదయం నిలబడి, డబ్బా లారీ దిగిన దగ్గర్నుంచి తోపుడు బండి ఎక్కేదాకా ఎన్ని చేతులు మారుతుందో రాసుకొద్దాం. స్కీమా తర్వాత గీద్దాం.